కుక్కకు శిక్షణ ఇవ్వడమా, శిక్షణ పొందిన కుక్కను అందుకోవడమా: పీటీఎస్‌డీతో ఉన్న అమెరికా మాజీ సైనికులకు ఎంపిక సలహా

అమెరికాలో పీటీఎస్‌డీతో, అంటే యుద్ధం మిగిల్చిన మానసిక గాయంతో, బాధపడుతున్న మాజీ సైనికుడికి ఎవరైనా "ఒక కుక్కను తెచ్చుకుంటే మేలు" అని సలహా ఇచ్చినప్పుడు, ఆ ఒక్క మాటలో కనీసం నాలుగు వేర్వేరు దారులు కలిసిపోయి ఉంటాయి. మరొక మాజీ సైనికుడి కోసం పెరుగుతున్న కుక్కపిల్లకు చికిత్సలో భాగంగా తాను శిక్షణ ఇవ్వడం ఒకటి. యజమాని వైకల్యానికి సంబంధించిన నిర్దిష్టమైన పనులు చేయడానికి పూర్తి శిక్షణ పొందిన కుక్కను, అంటే సర్వీస్ డాగ్‌ను, ఒక సంస్థ నుంచి అందుకోవడం రెండవది. తన ఇంట్లో ఉన్న కుక్కకు తానే ఆ స్థాయి శిక్షణ ఇచ్చుకోవడం మూడవది. ప్రత్యేక శిక్షణ ఏదీ లేకుండా తోడు కోసమే ఎమోషనల్ సపోర్ట్ కుక్కను ఉంచుకోవడం నాలుగవది. వీటికి పట్టే కాలం వేరు, అయ్యే ఖర్చు వేరు, చట్టం ఇచ్చే హక్కులు వేరు, వెనుక ఉన్న పరిశోధన బలం కూడా వేరు. చాలామంది రెండవ దారి ఒక్కటే ఉన్నదని అనుకొని, ఏళ్ల తరబడి దరఖాస్తు పట్టుకొని ఎదురుచూస్తారు. నా దృష్టిలో వారిలో కొందరికి మొదటి దారే ముందు పట్టవలసినది, కాని దాని సంగతి తెలిసినవారు తక్కువ.

అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన బిడ్డ లేదా అల్లుడు ఉన్న తెలుగు కుటుంబాలను కూడా మనసులో పెట్టుకొని ఈ పోలిక రాస్తున్నాను, ఎందుకంటే కుక్క ఇంట్లోకి వచ్చాక దానితో కలిసి బతికేది ఆ ఒక్క మనిషి మాత్రమే కాదు.

చికిత్స స్థానం ఎక్కడ

పోలికలోకి దిగే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ, వాడుకలో వీఏ, పీటీఎస్‌డీకి మొదటి వరుసలో సిఫారసు చేసేది కుక్కను కాదు, మాటల ద్వారా సాగే మూడు చికిత్సలను. మొదటిదైన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో రోగి తాను తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకాలనూ స్థలాలనూ నిపుణుడి సాయంతో కొద్దికొద్దిగా ఎదుర్కొంటాడు. రెండవదైన కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సుమారు 12 విడతలలో సాగుతుంది. "నా వల్లే వాడు చనిపోయాడు", "ఈ లోకంలో ఎవరినీ నమ్మడానికి లేదు" వంటి మనసులో గడ్డకట్టిన తీర్మానాలను ఇందులో ఒక్కొక్కటిగా బయటికి తీసి పరీక్షిస్తారు. మూడవది ఈఎండీఆర్, జ్ఞాపకాన్ని తలచుకుంటూ, నిపుణుడి సూచన ప్రకారం చూపును అటూ ఇటూ కదిలించే పద్ధతి ఇది. వీటితో పాటు సెర్ట్రలిన్, పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ అనే మందులను కూడా వైద్యులు వాడతారు.

కుక్క వీటికి తోడుగా వచ్చేదే గాని, బదులుగా వచ్చేది కాదు. చికిత్స మానేసి కుక్క ఒక్కటే చాలునని అనుకోవడం, మన పెద్దలు అన్నట్టు, కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదడమే అవుతుంది. అయినా కుక్కల ప్రసక్తి ఇంత బలంగా ఎందుకు వచ్చిందంటే, మంచి ఫలితమిచ్చే ఈ చికిత్సలను మొదలుపెట్టని వారూ, మధ్యలో వదిలేసే వారూ ఎందరో ఉన్నారు. వెనుక ఎవరు కూర్చున్నారో తెలియని వెయిటింగ్ హాలులో అరగంట గడపడమే కష్టమైన మనిషికి, గదిలో కూర్చొని జరిగినదంతా మళ్లీ చెప్పమంటే అది కొండంత పని. అటువంటి మనిషిని గుమ్మం దాటించి చికిత్స దాకా తీసుకువెళ్లగలిగితే, కుక్క వల్ల జరిగిన మేలు చిన్నది కాదు.

ఇంకొకరి కోసం శిక్షణ ఇవ్వడం

ఈ పద్ధతికి రూపం ఇచ్చిన వారిలో ముఖ్యుడు రిక్ యౌంట్ అనే సామాజిక కార్యకర్త. 2008లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో వీఏ వైద్య వ్యవస్థకు చెందిన మెన్లో పార్క్ ప్రాంగణంలో, పీటీఎస్‌డీ చికిత్స కోసం చేరిన సైనికుల చేత సర్వీస్ డాగ్‌లకు శిక్షణ ఇప్పించే కార్యక్రమం మొదలైంది. ఆ తరువాత 2011లో ఆయన మేరీలాండ్ కేంద్రంగా వారియర్ కెనైన్ కనెక్షన్ అనే సంస్థను స్థాపించారు. వాల్టర్ రీడ్ సైనిక వైద్య కేంద్రంలో చికిత్స పొందుతున్న వారు కూడా ఈ కుక్కలతో పనిచేశారు.

ఇందులో కుక్క మీది కాదు. అది గోల్డెన్ రిట్రీవర్ లేదా లాబ్రడార్ జాతి పిల్ల. ఏడాదిన్నర, రెండేళ్ల శిక్షణ తరువాత చేతులో కాళ్లో పోగొట్టుకున్న లేదా మానసిక గాయంతో ఉన్న మరొక మాజీ సైనికుడి ఇంటికి వెళుతుంది. మీరు నిర్ణీత వేళకు వచ్చి, శిక్షకుడి పర్యవేక్షణలో దానికి కూర్చోవడం, కుదురుగా ఉండడం, తలుపు తెరవడం, కింద పడిన వస్తువు అందించడం, జనంలో బెదరకుండా నడవడం నేర్పి, ఇంటికి తిరిగి వెళతారు. పైకి చూస్తే ఇది కాలక్షేపంలా, మహా అయితే చేతి పనిలా కనిపిస్తుంది. లోపల జరిగే పని మాత్రం పీటీఎస్‌డీ లక్షణాలను ఒక్కొక్కటిగా తాకేటట్టు అమర్చినది.

మొద్దుబారిన మనసు సంగతి చూడండి. పీటీఎస్‌డీలో చాలామంది సైనికులు కోపం తప్ప మరే భావమూ గొంతులో పలకని స్థితికి చేరుకుంటారు; భార్యతోనూ పిల్లలతోనూ కూడా ఆజ్ఞలు ఇచ్చే గొంతుతోనే మాట్లాడుతారు. కుక్కపిల్లకు ఆ గొంతు పనికిరాదు. అది చెప్పిన పని చేసిన మరుక్షణం, సంతోషం ఉట్టిపడే స్వరంతో మెచ్చుకోవాలి. లేకపోతే అది నేర్చుకోదు. మనసులో సంతోషం లేకపోయినా గొంతులో తెచ్చిపెట్టుకోవాలి. శిక్షకులు ఈ విషయంలో మొహమాటపడరు. ఆరడుగుల సైనికుడిని నలుగురిలో నిలబెట్టి, పసిపిల్లను లాలించే గొంతుతో కుక్కపిల్లను మెచ్చుకోమంటారు. మొదట నటనగా మొదలైన ఆ స్వరం కొన్నాళ్లకు ఇంట్లో తన పిల్లల దగ్గర కూడా పలుకుతుందని ఈ పద్ధతిని నడిపేవారు చెబుతారు.

ఇక ఉలికిపాటు. దారిలో ఏదో వాహనం పెద్ద శబ్దం చేస్తే సైనికుడి గుండె దడదడలాడుతుంది, ఇప్పుడు తన దగ్గర లేని ఆయుధం కోసం చేయి వెతుకుతుంది. కాని చేతిలో పట్టీ ఉంది, పట్టీ చివర కుక్కపిల్ల ఉంది. అది ఆ శబ్దానికి జీవితాంతం భయపడే కుక్కగా తయారు కాకూడదంటే, ఆ క్షణంలోనే దాని వైపు తిరిగి, ఏమీ కాలేదన్నట్టు మెచ్చుకొని, తినడానికి ఒక ముక్క ఇవ్వాలి. లోకం క్షేమమైనదేనని కుక్కకు నమ్మకం కలిగించే ప్రయత్నంలో ఆ మాట తనకు తానే చెప్పుకుంటాడు. తప్పించుకు తిరిగే లక్షణానికీ ఇదే మందు. కుక్కను సూపర్ మార్కెట్‌కూ రైల్వే స్టేషన్‌కూ తీసుకువెళ్లి అలవాటు చేయాలి గనుక, తన కోసమైతే ఎన్నడూ వెళ్లని చోటికి దాని కోసం వెళతాడు. ఎదురైన అపరిచితులు "ఎంత ముద్దుగా ఉంది" అంటూ పలకరిస్తే బదులు చెప్పక తప్పదు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో నిపుణులు కాగితం మీద రాసి ఇచ్చే అభ్యాసానికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది.

వీటన్నిటి కంటే బలమైనది మరొకటి ఉంది. సైన్యం విడిచిన మనిషికి పోయేది ఉద్యోగం మాత్రమే కాదు. తన పని మీద తోటివాడి ప్రాణం ఆధారపడి ఉన్నదన్న స్పృహ కూడా పోతుంది. "మీ మానసిక సమస్యకు చికిత్స" అంటే ముఖం తిప్పుకునే మనిషే, "గాయపడిన ఒక సైనికుడికి కుక్క కావాలి, తయారు చేయడానికి సాయం పడతారా" అంటే వస్తాడు. అందుకే ఈ పద్ధతికి అక్కడ మిషన్ ఆధారిత చికిత్స అని పేరు పెట్టుకున్నారు.

2021 ఆగస్టు 25న అధ్యక్షుడు జో బైడెన్ సంతకంతో చట్టమైన పాజ్ ఫర్ వెటరన్స్ థెరపీ యాక్ట్ ఈ పద్ధతిని వీఏ లోపలికే తెచ్చింది. పీటీఎస్‌డీ నిర్ధారణ అయిన మాజీ సైనికుల చేత కుక్కలకు శిక్షణ ఇప్పించే కార్యక్రమాన్ని అయిదేళ్లు ప్రయోగాత్మకంగా నడపాలని ఆ చట్టం ఆదేశించింది. 2022లో అలాస్కాలోని యాంకరేజ్, ఉత్తర కరొలైనాలోని ఆష్‌విల్, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో, ఫ్లోరిడాలోని వెస్ట్ పామ్ బీచ్ వైద్య కేంద్రాలలో అది మొదలైంది. అయిదు చోట్లే కావడం దీని మొదటి పరిమితి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి వీఏ ద్వారా ఇది అందుబాటులో లేనట్టే. దగ్గరలో ఇటువంటి స్వచ్ఛంద సంస్థ ఉన్నదేమో వెతుక్కోవాలి. రెండవ పరిమితి, సాధారణంగా కుక్కను వదులుకోవలసి రావడం. నెలల తరబడి చేతుల్లో పెరిగిన ప్రాణి వెళ్లిపోతుందని మొదటి రోజు నుంచే తెలిసినా, వెళ్లే రోజు తేలికగా ఉండదు. సహచరులను పోగొట్టుకున్న దుఃఖం పచ్చిగా ఉన్నవారికి ఇది భరించరానిది కావచ్చు. కొందరికి మాత్రం ఇదే మేలు చేస్తుంది. ఈ వీడ్కోలులో చావు లేదు, ముందే తెలిసిన తేదీ ఉంది, అవతల కృతజ్ఞతతో అందుకునే చేయి ఉంది.

శిక్షణ పొందిన సర్వీస్ డాగ్

ఇది మీ కుక్క, మీ పక్కనే ఉంటుంది, మీ కోసమే పనిచేస్తుంది. పీడకల వచ్చి కాళ్లు తన్నుకుంటుంటే నిద్రలేపుతుంది. కాలు అదరడం, గోళ్లు కొరకడం వంటి ఆందోళన సంకేతాలను గమనించి మోకాలి మీద ముక్కుతో పొడుస్తుంది. ఊపిరాడని స్థితిలో ఒళ్లో బరువుగా పడుకొని శరీరాన్ని శాంతపరుస్తుంది. దుకాణంలో వరుసలో నిలబడినప్పుడు మీకూ వెనుక మనిషికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. చీకటి గదిలో దీపం వేస్తుంది. మందుల సంచి తెచ్చి ఇస్తుంది.

అటువంటి కుక్కను తయారు చేయడానికి పదుల వేల డాలర్లు ఖర్చవుతాయి. అయితే పేరున్న సంస్థలు మాజీ సైనికుల దగ్గర ఆ డబ్బు తీసుకోవు. ఫ్లోరిడాలోని కే9స్ ఫర్ వారియర్స్ 2011 నుంచి పనిచేస్తున్నది. ఎక్కువగా జంతు ఆశ్రయాల నుంచి తెచ్చిన కుక్కలకు శిక్షణ ఇచ్చి, 2001 సెప్టెంబరు 11 తరువాత సేవలో ఉన్న వారికి, మూడు వారాలు అక్కడే బస ఇచ్చి, జత కలిపి పంపుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని అమెరికాస్ వెట్‌డాగ్స్, 1975 నుంచి ఉన్న కెనైన్ కంపానియన్స్ కూడా ఉచితంగానే ఇస్తాయి. ఉచితం గనుక ఎదురుచూపు తప్పదు. చాలా సంస్థల జాబితాలలో అది నెలలు దాటి సంవత్సరాలకు పోతుంది.

కుక్క వచ్చాక అయ్యే ఖర్చులో కొంత వీఏ భరిస్తుంది. అనుమతి పొందిన సర్వీస్ డాగ్‌కు పశువైద్య బీమా, ఒంటికి కట్టే పట్టీల వంటి అవసరమైన సామగ్రి వీఏ వంతు; తిండి, స్నానం, బొచ్చు కత్తిరింపు, ఊరు వెళ్లినప్పుడు వదిలిపెట్టే చోటు రుసుము మీ వంతు. మునుపు ఈ సాయం చూపు, వినికిడి, కదలిక లోపాలకే ప్రధానంగా వర్తించేది. 2021 చట్టం దానిని పీటీఎస్‌డీకి స్పష్టంగా విస్తరించింది. ఇందులో ఒక మెలిక గమనించాలి. సాయం అందాలంటే కుక్క అసిస్టెన్స్ డాగ్స్ ఇంటర్నేషనల్ వంటి గుర్తింపు వ్యవస్థ పరిధిలోని సంస్థ నుంచి రావాలి. గుర్తింపు లేని సంస్థ నుంచి త్వరగా కుక్క దొరికిందని సంతోషించిన వారికి ఆ తరువాతే ఈ సంగతి తెలుస్తుంది.

ఈ దారి గురించి నాకు ఒక సందేహం ఉంది. చికిత్సకులలో కూడా కొందరికి అది ఉంది. కుక్క గదిలోకి ముందుగా వెళ్లి చుట్టూ తిరిగి "ఎవరూ లేరు" అన్నట్టు తిరిగిరావడం, వెనుక కాపలా నిలవడం వంటి పనులు అప్పటికి ఊరటనిస్తాయి, నిజమే. కాని ఆ ఊరట "గదిలో ఎవరైనా ఉండి ఉండవచ్చు" అన్న అనుమానాన్ని పోషించే అవకాశం ఉంది. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ నేర్పేది దీనికి ఎదురు: చూసుకోకుండానే గదిలోకి వెళ్లు, ఏమీ జరగదని నీ శరీరమే తెలుసుకుంటుంది. అందువల్ల పీడకల నుంచి లేపడం, ఆందోళనను మధ్యలో ఆపడం వంటి పనులు కోరుకొని, కాపలా పనుల గురించి చికిత్సకుడితో ముందే మాట్లాడుకోవడం మంచిది. ఈ కోణంలో చూస్తే, కుక్కకు ధైర్యం చెప్పే మనిషికీ, కుక్క చేత ధైర్యం చెప్పించుకునే మనిషికీ మధ్య తేడా చిన్నది కాదు. నేను మొదటి దారికి మొగ్గు చూపడానికి ఇదే ప్రధాన కారణం.

పరిశోధన చెప్పేది, చెప్పనిది

2010 సంవత్సరపు రక్షణ చట్టంలో అమెరికా కాంగ్రెస్ ఈ విషయంపై అధ్యయనం చేయమని వీఏను ఆదేశించింది. ఫ్లోరిడాలోని టాంపాలో మొదలైన తొలి ప్రయత్నం 2012లో ఆగిపోయింది. కుక్కలు పిల్లలను కరిచిన సంఘటనలు, సరఫరా చేసిన కుక్కల ఆరోగ్యం, శిక్షణ మీద వచ్చిన సందేహాలు అందుకు కారణాలు. ఇంటికి తెచ్చుకునే ముందు సంస్థ ప్రమాణాలను ఎందుకు పరిశీలించాలో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు. తరువాత అట్లాంటా, అయోవా సిటీ, పోర్ట్‌లాండ్ కేంద్రాలుగా మళ్లీ జరిపిన అధ్యయనంలో 181 మంది మాజీ సైనికులకు కుక్కలు ఇచ్చారు. 97 మందికి సర్వీస్ డాగ్‌లు, 84 మందికి ఎమోషనల్ సపోర్ట్ కుక్కలు. ఎవరికి ఏది రావాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించి, 18 నెలలు గమనించారు. రోజువారీ జీవితంలో ఆటంకాల విషయంలోనూ, జీవన నాణ్యత విషయంలోనూ రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. 0 నుంచి 80 దాకా ఉండే పీటీఎస్‌డీ లక్షణాల కొలబద్దపై మాత్రం సర్వీస్ డాగ్ బృందం 3.7 పాయింట్లు ఎక్కువ మెరుగుపడింది. ఆత్మహత్య ఆలోచనల విషయంలోనూ అదే బృందంలో మెరుగుదల కనిపించింది.

3.7 అనేది చిన్న సంఖ్యే. ఆ కొలబద్దపై సాధారణంగా 10 పాయింట్ల మార్పును రోగి జీవితంలో తెలిసే మార్పుగా లెక్కిస్తారు. అయితే ఈ అధ్యయనంలో కుక్క లేని బృందమే లేదు. అంటే అది పోల్చినది రెండు రకాల కుక్కలను. కుక్క ఉండడానికీ లేకపోవడానికీ మధ్య తేడాను కాదు. ఈ అధ్యయనాన్ని చూపి "కుక్కలు పనిచేయవు" అనేవారూ, "పనిచేస్తాయి" అనేవారూ ఇద్దరూ దాని చేత అది చెప్పని మాట చెప్పిస్తున్నారు.

2024లో అమెరికా వైద్య సంఘానికి చెందిన పత్రికలో ప్రచురితమైన మరొక అధ్యయనం కుక్క ఉండడానికీ లేకపోవడానికీ తేడా ఎంతన్న ప్రశ్నకు దగ్గరగా వెళ్లింది. మ్యాగీ ఓహేర్ బృందం 156 మంది మాజీ సైనికులను పరిశీలించింది. వారిలో 81 మందికి కే9స్ ఫర్ వారియర్స్ నుంచి కుక్క వచ్చింది, 75 మంది జాబితాలో ఉండి మామూలు చికిత్స కొనసాగించారు. మూడు నెలల తరువాత, ఎవరికి కుక్క ఉందో తెలియని నిపుణులు పరీక్షించినప్పుడు, కుక్క అందుకున్న వారిలో పీటీఎస్‌డీ నిర్ధారణ అయ్యే అవకాశం 66 శాతం తక్కువగా తేలింది. ఇది బలమైన ఫలితమే. కాని ఇక్కడ లాటరీ లేదు, గడువు మూడు నెలలే. కొత్త కుక్క తెచ్చిన ఉత్సాహం మూడవ సంవత్సరంలో ఎంత మిగులుతుందన్నది దీనితో తేలదు.

శిక్షణ ఇచ్చే చికిత్సకు ఇంత పెద్ద అధ్యయనాల అండ లేదు. అక్కడ ఉన్నది ఎక్కువగా సహేతుకమైన సిద్ధాంతం, పాల్గొన్నవారి అనుభవం. మరి నేను దానివైపు ఎలా మొగ్గుతున్నానంటే, తప్పు ఎంపిక అయితే పోయేది ఎంతన్న లెక్క మీద. సరిపడకపోతే కొన్ని వారాలకు మానుకోవచ్చు. కుక్కకు నష్టం లేదు, మీకు అప్పు లేదు. సర్వీస్ డాగ్ సరిపడకపోతే ఒక ప్రాణి మళ్లీ స్థలం మారాలి, మీ మనసులో మరొక ఓటమి చేరుతుంది.

మిగిలిన రెండు దారులు, చట్టం

అక్కడి వికలాంగుల హక్కుల చట్టం, ఏడీఏ, ప్రకారం సర్వీస్ డాగ్ అంటే యజమాని వైకల్యానికి సంబంధించిన నిర్దిష్టమైన పని చేయడానికి శిక్షణ పొందిన కుక్క. ఆ శిక్షణ ఎవరు ఇచ్చారన్నది చట్టం అడగదు. మీరే ఇచ్చినా చెల్లుతుంది. నమోదు అవసరం లేదు, ధ్రువపత్రం అవసరం లేదు. కనుక ఇంటర్నెట్‌లో డబ్బు తీసుకొని సర్వీస్ డాగ్ కార్డులు అమ్మేవారు అమ్మేది కాగితం ముక్కే. హోటలులోనో దుకాణంలోనో కుక్క ఏమిటన్నది తెలియకపోతే సిబ్బంది అడగగలిగినవి రెండే ప్రశ్నలు: ఇది వైకల్యం వల్ల అవసరమైన కుక్కేనా, ఏ పని చేయడానికి శిక్షణ పొందింది. మీ జబ్బు ఏమిటని అడగరాదు. కాని కుక్క అదుపు తప్పి మొరిగినా, లోపల మలమూత్రాలు విసర్జించినా దానిని బయటికి పంపే హక్కు వారికి ఉంది.

సొంతంగా శిక్షణ ఇచ్చుకునే దారిలో ఆకర్షణ ఈ స్వేచ్ఛలోనే ఉంది, ప్రమాదమూ అందులోనే ఉంది. అనుభవమున్న సంస్థలు ఎంచి పెంచిన కుక్కలలో కూడా చాలా భాగం మధ్యలో పనికిరావని తేలుతాయి. ఇంట్లో ఉన్న కుక్క, ఎంత ప్రేమగలదైనా, ఆ పరీక్ష నెగ్గుతుందన్న హామీ లేదు. శిక్షణలో ఉన్న కుక్కకు ఏడీఏ ప్రవేశ హక్కు ఇవ్వదు. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇస్తాయి, మీ రాష్ట్రం సంగతి చూసుకోవాలి. ఇలా తయారైన కుక్కకు వీఏ బీమా దొరకడం కూడా కష్టమే. వృత్తి శిక్షకుడి సాయంతో, రెండేళ్ల ఓపికతో చేయగలిగిన వారికే దీనిని సూచిస్తాను.

ఎమోషనల్ సపోర్ట్ కుక్క సంగతి సులభం. దానికి దుకాణాలలోకీ వీఏ ఆసుపత్రులలోకీ ప్రవేశ హక్కు లేదు. 2021 జనవరి నుంచి అమలులోకి వచ్చిన నిబంధనతో విమాన సంస్థలు కూడా దానిని మామూలు పెంపుడు జంతువుగానే చూడవచ్చు. మానసిక అవసరానికి శిక్షణ పొందిన సర్వీస్ డాగ్‌ను మాత్రం, నిర్ణీత పత్రం నింపి ఇస్తే, మిగతా సర్వీస్ డాగ్‌లతో సమానంగా విమానంలోకి అనుమతించాలి. అద్దె ఇంటి విషయంలో ఎమోషనల్ సపోర్ట్ కుక్కకు గృహ హక్కుల చట్టం రక్షణ ఉంది. పెంపుడు జంతువులు కూడదన్న యజమాని కూడా వైద్య అవసరం చూపితే సాధారణంగా ఒప్పుకోవలసి ఉంటుంది. రాత్రిపూట ఒంటరితనమే ప్రధాన బాధ అయి, బయట తిరగడంలో పెద్ద ఇబ్బంది లేనివారికి ఇది చాలు. వీఏ అధ్యయనంలో జీవన నాణ్యత రెండు బృందాలలో ఒకేలా ఉన్న సంగతి ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవచ్చు.

ఇల్లు సిద్ధమేనా

మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. కుక్క వాకిట్లో ఉండాలి, వంటింటిలోకీ పూజగదిలోకీ రాకూడదు అని చిన్నప్పటి నుంచి అలవాటైన పెద్దలు, పీడకల నుంచి లేపవలసిన కుక్క మంచం పక్కనే పడుకోవాలంటే సులభంగా ఒప్పుకోరు. పూజగది తలుపు మూసుకోవచ్చు, వంటింటి హద్దు కుక్కకు నేర్పవచ్చు, కాని పడకగది విషయంలో రాజీ పడితే ఆ కుక్క వచ్చిన ప్రయోజనంలో సగం పోతుంది. రెండవది తిండి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ జాలిపడి పెరుగన్నం పెట్టడం మొదలుపెడితే, పనిలో ఉన్న కుక్క చూపు యజమాని మీద నుంచి ఆమె కంచం మీదికి మళ్లుతుంది. పైగా ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకు విషం. మన కూరల్లో మొదటి రెండూ, పాయసంలో చివరిదీ లేనిదెక్కడ? ఇంట్లో అందరూ కూర్చొని ఈ సంగతులు తేల్చుకోకుండా దరఖాస్తు పెట్టవద్దు. ఇంగ్లీషులో సాగే శిక్షణలో నేర్పిన ఆజ్ఞలను ఇంట్లో తెలుగులోకి మార్చడం కూడా కుక్కను గందరగోళపెడుతుంది. ఇంటిల్లిపాదీ అవే మాటలు వాడాలి.

ఎవరికి ఏది

చికిత్స ఇంకా మొదలుకాని, లేదా మధ్యలో ఆగిపోయిన మనిషి. పొద్దున లేవడానికి కారణం కనిపించని మనిషి. ఇంటి నుంచి బయటికి రాగలిగినా మనుషులతో మాట కలవని మనిషి. ఇల్లో ఉద్యోగమో ఇంకా స్థిరపడని, లేదా తాగుడు ఇంకా అదుపులోకి రాని మనిషి, ఇటువంటి వారికి దగ్గరలో శిక్షణ ఇచ్చే కార్యక్రమం ఉంటే అదే ముందు. పదేళ్లు ఒక ప్రాణి బాధ్యత మోయగలరో లేదో తెలుసుకోవడానికి కూడా అంతకంటే మంచి మార్గం లేదు. వీఏ కార్యక్రమంలో చేరడానికి మానసిక వైద్య నిపుణుడి సిఫారసు కావాలి గనుక, అడగవలసిన మొదటి మనిషి ఆయనే.

చికిత్స కొంత సాగి, మిగిలిపోయిన లక్షణాలు స్పష్టంగా తెలిసి, వాటికి కుక్క చేయగలిగిన పని ఫలానా అని వేలు పెట్టి చూపగలిగిన వారికి, ఇంట్లో మరొక స్థిరమైన మనిషి తోడున్న వారికి, శిక్షణ పొందిన సర్వీస్ డాగ్ తగినది. "నాకు కుక్క కావాలి" అన్న మాట చాలదు. "వారానికి నాలుగు రాత్రులు పీడకలలతో లేస్తున్నాను, నన్ను లేపే కుక్క కావాలి" అన్నప్పుడు సంస్థకు ఏం తయారు చేయాలో తెలుస్తుంది, మీకు ఏం ఆశించాలో తెలుస్తుంది. కుక్కలంటే భయమో ఎలర్జీయో ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే, కోపం వచ్చినప్పుడు చేయి అదుపులో ఉండదని మీకే తెలిస్తే, ప్రస్తుతానికి ఏ కుక్కా వద్దు. ఆ సంగతి నిజాయతీగా చికిత్సకుడికి చెప్పడమే సరైన పని.

సంస్థతో మాట్లాడేటప్పుడు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. గుర్తింపు ఉన్నదా, ఉంటే ఎవరిది; కుక్కను కొట్టి నేర్పుతారా, మెచ్చుకొని నేర్పుతారా; కుక్క వచ్చాక మొదటి సంవత్సరంలో ఎన్నిసార్లు వచ్చి చూస్తారు; జత కుదరకపోతే వెనక్కి తీసుకుంటారా; కుక్క యాజమాన్యం కాగితాల మీద ఎవరి పేరున ఉంటుంది. శిక్షణ కార్యక్రమమైతే వీడ్కోలు రోజున, ఆ తరువాతి వారాలలో మీతో ఎవరు ఉంటారు, మరొక కుక్కపిల్లతో మళ్లీ మొదలుపెట్టవచ్చా అని అడగండి. సర్వీస్ డాగ్ అయితే ఇంకొక ప్రశ్న కూడా మొదటి రోజే అడగాలి. సాధారణంగా ఎనిమిది, పదేళ్ల వయసుకు ఈ కుక్కలు పని నుంచి విరమిస్తాయి. ఆ రోజు వచ్చినప్పుడు ముసలి కుక్క మీ దగ్గరే ఉంటుందా, రెండవ కుక్క కోసం మళ్లీ జాబితా చివర నిలబడాలా, లేక ముందే పేరు రాయించుకోవచ్చా అన్నది.